దెబ్బతిన్న భుజంతో మళ్లీ నీళ్లలోకి: ఈతగాళ్లు చేయవలసినవి, చేయకూడనివి

పోటీల కోసం ఈదేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది భుజం. ఫ్రీస్టైల్‌లో ఒంటిని ముందుకు లాగే పని చాలావరకు చేతులదే. రోజుకు నాలుగైదు కిలోమీటర్లు ఈదే పిల్లవాడి భుజం వారం తిరిగేసరికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది. ఈ నొప్పికి 1974లో కెన్నెడీ, హాకిన్స్ అనే ఇద్దరు వైద్యులు ‘స్విమ్మర్స్ షోల్డర్’ అని పేరు పెట్టారు. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవాళ్లకు మోకాలు, బటర్‌ఫ్లై ఈదేవాళ్లకు నడుము కూడా ఇబ్బంది పెడతాయి.

నొప్పి తగ్గిన వారంలోనే పాత దూరం ఈదబోయి మళ్లీ మొదటికి రావడం ఎక్కువమంది చేసే పొరపాటు. నొప్పి ముందు తగ్గుతుంది, బలం ఆ తర్వాత చాలా రోజులకు వస్తుంది. కింది సూచనలు దెబ్బ తగిలిన రోజు నుంచి ఆ బలం తిరిగి వచ్చేదాకా పాటించవలసినవి. ఎక్కడైనా తేడా కనిపిస్తే మీ డాక్టరు చెప్పిందే పాటించండి.

చేయవలసినవి

దెబ్బ తగిలిన రోజుల్లో

- ఈదుతుండగా భుజం కలుక్కుమంటే ఆ ల్యాప్ అక్కడే ఆపి గట్టెక్కండి.
- నొప్పి ఎప్పుడు వస్తోందో ఆ రోజే రాసుకోండి: చెయ్యి నీళ్లలో పెట్టేటప్పుడా, నీటిని లాగేటప్పుడా, చెయ్యి పైకి తీసేటప్పుడా. ఫిజియోథెరపిస్టు మొట్టమొదట అడిగేది ఇదే.
- ఐసు పెట్టుకుంటే గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు మాత్రమే ఉంచండి.
- వెల్లకిలా పడుకోండి. లేదా బాగున్న వైపు ఒత్తిగిలి, నొప్పి చేతి కింద దిండు పెట్టుకోండి.
- స్కూలు బ్యాగు, ఈత సంచి బాగున్న భుజానికి మార్చండి.
- నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చినా నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.
- చెయ్యి ఎత్తలేకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, నొప్పికి రాత్రిళ్లు మెలకువ వస్తున్నా అంతకాలం ఆగకుండా వెళ్లండి.
- జ్వరం వచ్చి, కీలు ఎర్రగా వేడెక్కితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.
- చెయ్యి మొత్తం వాచి, బరువెక్కి, నీలం రంగుకు తిరిగితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. చంక దగ్గరి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఇది అరుదు, కానీ చేతులు పైకెత్తి ఆడే ఆటల్లో వచ్చే అవకాశం ఎక్కువ.
- నడివయసు దాటినవాళ్లు భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. గుండెపోటు భుజం నొప్పిగానూ కనిపిస్తుంది.

గట్టు మీద వ్యాయామాలు

భుజం కీలును దాని గుంతలో నిలిపి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ఈత వల్ల ఛాతీ కండరాలు, చేతిని లోపలికి తిప్పే కండరాలు బాగా బలపడతాయి; బయటికి తిప్పేవి, వీపు మీది రెక్క ఎముకను పట్టి ఉంచేవి వెనకబడతాయి. పూల్‌కి తిరిగి వెళ్లాలన్న తొందరలో అందరూ దాటేసే భాగం ఇది. ఇక్కడ కొన్ని వారాలు పెట్టండి.

- మొదట చేతిని వేలాడదీయండి: బాగున్న చేతిని బల్లకు ఆనించి ముందుకు వంగండి, ఒంటిని కొద్దిగా ఊపుతూ నొప్పి చేతిని చిన్న సున్నాలు తిరగనివ్వండి.
- తర్వాత గోడను నెట్టండి: గోడ పక్కన నిలబడి, మోచెయ్యి మడిచి పక్కటెముకలకు ఆనించి, ముంజేతి వెలుపలి వైపుతో సగం బలంతో నెట్టండి. ఐదు నుంచి పది సెకన్లు, పది సార్లు.
- ఈ రెండూ నొప్పి లేకుండా వచ్చాకే రబ్బరు బ్యాండు పట్టుకోండి.
- బ్యాండుతో చేతిని బయటికి తిప్పేటప్పుడు మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకోండి. తువ్వాలు కిందపడితే మోచెయ్యి పక్కకు పోతోందన్నమాట. ఇంకా పలచటి బ్యాండు తీసుకోండి.
- చేతిని మొదటి చోటికి తెచ్చేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టండి. బ్యాండు లాక్కుపోతే కండరానికి పని ఉండదు.
- బ్యాండును రెండు చేతులతో వెనక్కి లాగే వ్యాయామంలో రెక్క ఎముకలను వెన్ను వైపు, కిందికి దించండి. భుజాలు చెవుల దగ్గరికి లేస్తుంటే ఆపి మళ్లీ మొదలుపెట్టండి.
- గోడకు రెండు అరచేతులు ఆనించి, మోచేతులు మడవకుండా వీపు పైభాగాన్ని వెనక్కి నెట్టండి. రెక్క ఎముకను పక్కటెముకలకు అతికించి ఉంచే కండరానికి ఇది మంచి వ్యాయామం.
- బోర్లా పడుకొని చేతులు పక్కలకు చాచి, బొటనవేళ్లు పైకి ఉంచి కొద్దిగా లేపండి. బరువులు అక్కర్లేదు, మొదట్లో చేతి బరువే చాలు.
- వీపు గూని పడి ఉంటే దుప్పటిని చుట్టలా చుట్టి, భుజాల మధ్య అడ్డంగా వేసుకొని రెండు నిమిషాలు వెల్లకిలా పడుకోండి. వీపు పైభాగం వెనక్కి వంగకపోతే ఆ కదలిక భారం భుజం మీద పడుతుంది.
- పొట్ట, నడుము కండరాలకు ప్లాంక్ చేయండి, భుజం భరించలేకపోతే మోకాళ్ల మీద ఆనుకొని చేయండి.
- బ్యాండు వ్యాయామాలు ఒక్కొక్కటి పది నుంచి పదిహేను సార్లు, రెండు మూడు విడతలుగా, రోజు విడిచి రోజు చేయండి.
- రెండు భుజాలకూ చేయండి. రెండోది కూడా అదే ఈత ఈదింది.
- మొదటి వారం ఇంట్లో ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి. చెయ్యి దించేటప్పుడు రెక్క ఎముక లోపలి అంచు బయటికి పొడుచుకొస్తుంటే ఆ మాట ఫిజియోథెరపిస్టుకు చెప్పండి.
- బ్యాండును కిటికీ ఊచకు కట్టండి. వాడే ప్రతిసారీ పగుళ్లు చూడండి. తెగి కంటికి కొట్టుకునే ప్రమాదం ఉంది.
- నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలవండి. మూడు దాటితే ఆ వ్యాయామం ఆపండి. మరునాడు ఉదయానికి నొప్పి పెరిగి ఉంటే తర్వాతి విడత సగానికి తగ్గించండి.

మళ్లీ నీళ్లలోకి

- ముందు ఇంట్లోనే చూసుకోండి: జడ వేసుకోవడం, తల మీదుగా టీషర్టు తీయడం, అటక మీది డబ్బా అందుకోవడం నొప్పి లేకుండా రావాలి.
- రెండు చేతుల బలం ఫిజియోథెరపిస్టు చేత పోల్చి చూపించుకోండి.
- పూల్‌లోకి దిగే ముందు గట్టు మీదే ఒళ్లు వేడెక్కించుకోండి. నీటి చికిత్స కొలనుల్లో నీరు 33 నుంచి 35 డిగ్రీల దాకా ఉంచుతారు. పోటీ పూల్‌లో 25 నుంచి 28 మాత్రమే.
- మొదటి రోజు పదిహేను ఇరవై నిమిషాలు, 25 మీటర్ల చొప్పున, ప్రతిసారీ గోడ దగ్గర ఆగి నెమ్మదిగా ఫ్రీస్టైల్ ఈదండి. మరునాడు సెలవు తీసుకోండి.
- కాళ్ల సాధన చేతులు పక్కన పెట్టుకొని గానీ, వెల్లకిలా గానీ చేయండి.
- ఫిన్స్ వేసుకోండి, చేతుల మీద భారం తగ్గుతుంది.
- ముఖం ముందుండే స్నార్కెల్ దొరికితే మొదటి వారాల్లో వాడండి. ఊపిరి కోసం ఒకే వైపు తిరిగే అవసరం ఉండదు.
- స్నార్కెల్ తీశాక రెండు వైపులా ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోండి.
- చెయ్యి భుజానికి సూటిగా, వేళ్లు ముందుగా నీటిలో పెట్టండి.
- ప్రతి లాగుకూ మొండెం పక్కకు తిరగనివ్వండి. మొండెం తిరగనప్పుడు చెయ్యి పైకి తీయడానికి భుజమే మెలి తిరగాలి.
- ఫోన్‌తో ముందు నుంచీ పక్క నుంచీ వీడియో తీయించి కోచ్‌తో కలిసి చూడండి.
- భుజం గాయమైతే బటర్‌ఫ్లై చిట్టచివరికి ఉంచండి.
- భుజం ఒకసారి జారినవాళ్లు బ్యాక్‌స్ట్రోక్ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడిగి తెలుసుకోండి.
- ముందు దూరం పెంచండి, వేగం ఆ తర్వాత. వారానికి పదో వంతుకు మించకుండా పెంచండి.
- దిమ్మ మీది నుంచి దూకడం, పల్టీ మలుపులు ఆఖరి మెట్టుగా పెట్టుకోండి.
- నెమ్మది లేన్‌లోనే ఈదండి. గాయం సంగతి లైఫ్‌గార్డుకు ముందే చెప్పండి.

మోకాలు, నడుము, తల

- మోకాలి లోపలి వైపు నొప్పి ఉంటే బ్రెస్ట్‌స్ట్రోక్ తన్ను ఆపి, ఫ్రీస్టైల్ తన్నుతో సాధన చేయండి.
- కాలి గాయాలకు నీటిలో నడవండి. నడుము లోతులో ఒంటి బరువులో దాదాపు సగమే కాళ్ల మీద పడుతుంది, మెడ లోతులో సుమారు పదో వంతు.
- పదిహేను, పదహారేళ్ల పిల్లలకు నడుము నొప్పి రెండు మూడు వారాలు దాటితే తప్పక డాక్టరుకు చూపించండి. వెన్నుపూసలో సన్నటి పగులు ఉండవచ్చు.
- బ్యాక్‌స్ట్రోక్‌లో తోరణం జెండాలు దాటాక గోడకు ఎన్ని లాగులో ముందే లెక్కపెట్టి పెట్టుకోండి. జెండా నుంచి గోడ ఐదు మీటర్లే.
- తల గోడకు గట్టిగా తగిలితే ఆ రోజుకు ఈత ముగించి డాక్టరుకు చూపించండి.
- ఇంజెక్షన్ రాసే డాక్టరుకు మీరు పోటీల్లో ఈదుతారని ముందే చెప్పండి. డోపింగ్ నియమాల ప్రకారం గ్లూకోకార్టికాయిడ్ (స్టెరాయిడ్) ఇంజెక్షన్లన్నీ 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషిద్ధం. కీలులోకి వేసేవీ ఇందులో వస్తాయి.

చేయకూడనివి

దెబ్బ తగిలిన రోజుల్లో

- ‘ఇంకో నాలుగు ల్యాప్‌లు వేస్తే అదే సర్దుకుంటుంది’ అనుకోకండి.
- జారిన భుజాన్ని మీరు లాగకండి, పక్కవారిని లాగనివ్వకండి. నరం, రక్తనాళం దెబ్బతింటాయి.
- ఎక్స్‌రే తీయించకుండా నాటు కట్టు కట్టించుకోకండి.
- వాపు ఉన్న తొలి రోజుల్లో కాపడం పెట్టకండి, మాలిష్ చేయించుకోకండి.
- నొప్పి బిళ్ల వేసుకొని ఈతకు దిగకండి. బిళ్ల నొప్పిని దాస్తుంది, ఆ చాటున గాయం పెరుగుతుంది.
- డాక్టరు చెప్పకుండా వారాల తరబడి నొప్పి బిళ్లలు వాడకండి, కడుపుకూ మూత్రపిండాలకూ చెరుపు.
- డాక్టరు చెబితే తప్ప చేతిని రోజుల తరబడి మెడకు కట్టి ఉంచకండి, కీలు బిగుసుకుపోతుంది.
- బస్సులో పై కడ్డీ పట్టుకొని నొప్పి చేతితో వేలాడకండి. భుజానికి అది కష్టమైన భంగిమ.
- నొప్పి చేతితో బావిలో చేద లాగకండి, నిండు బిందె ఎత్తకండి.

గట్టు మీద

- బ్యాండు రంగు చూసి బలం అంచనా వేయకండి, కంపెనీకో లెక్క ఉంటుంది. చేత్తో లాగి చూడండి.
- పాత సైకిల్ ట్యూబుతో మొదలుపెట్టకండి, మొదటి వారాల భుజానికి అది చాలా గట్టిది.
- బ్యాండును తలుపు గడియకు తగిలించకండి, ఎవరైనా తలుపు తీస్తే ఊడి మీదికొస్తుంది.
- జంటగా నిలబడి ఒకరి చేతులు ఒకరు వెనక్కి లాగించుకునే సాగదీత చేయకండి. మన పూల్‌ల గట్ల మీద ఇది మామూలుగా కనిపించే దృశ్యం. ఈతగాళ్లలో చాలామంది భుజం కీలు అసలే వదులుగా ఉంటుంది. దాన్ని ఇంకా సాగదీస్తే స్థిరత్వం పోతుంది. కోచ్‌లు దీన్ని ఈ రోజే ఆపించాలి.
- తల వెనక నుంచి బరువులు దించకండి, ఎత్తకండి.
- బస్కీలు, దండీలు, పుల్ అప్‌లు ఫిజియోథెరపిస్టు సరే అనేదాకా మొదలుపెట్టకండి.
- వేరే ఈతగాడికి రాసిచ్చిన వ్యాయామాల చీటీ చూసి చేయకండి. అతని గాయం వేరు.
- నొప్పి పోగానే గట్టు వ్యాయామాలు మానేయకండి. వారానికి రెండు మూడు రోజులు ఈత ఉన్నంతకాలం కొనసాగించండి.
- భుజం కండరాలు అలిసిపోయేలా వ్యాయామం చేసి వెంటనే పూల్‌లోకి దూకకండి.

నీళ్లలో

- హ్యాండ్ ప్యాడిల్స్ ముట్టుకోకండి. అరచేతి వైశాల్యం పెరిగితే ప్రతి లాగుకూ భుజం మీద భారం పెరుగుతుంది.
- కిక్‌బోర్డు చేతులు చాచి పట్టుకొని తన్నకండి. కాళ్ల సాధనే కదా అని ఇచ్చేస్తారు. ఆ సేపంతా చెయ్యి తల పైనే చాపి ఉంటుంది, నొప్పి పుట్టే భంగిమ అదే.
- కాళ్ల మధ్య పుల్ బాయ్ పెట్టి చేతులతోనే ఈదకండి.
- బొటనవేలు ముందుగా దించుతూ చెయ్యి నీటిలో పెట్టకండి, భుజం లోపలికి మెలి తిరుగుతుంది.
- చెయ్యి తల ముందు నడి గీత దాటి అవతలికి పోనివ్వకండి.
- మానేసిన రోజుల దూరాన్ని ఒకే వారంలో పూడ్చకండి.
- దూరం, వేగం, కొత్త స్ట్రోక్ మూడూ ఒకే వారం మార్చకండి.
- ‘చేతులకు విశ్రాంతి’ పేరుతో ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఈదే పందేలు వేయకండి. ముందుగా గబగబా ఊపిరి తీసి వదిలి మునిగితే, ఊపిరి కావాలన్న తహతహ పుట్టకముందే స్పృహ పోతుంది. గాయం మానాక కూడా ఈ పని చేయకండి.
- కోలుకునే దశలో బావిలో, చెరువులో, కాలువలో ఈదకండి. చెయ్యి మొరాయిస్తే పట్టుకోవడానికి గోడ ఉండదు.
- ఒంటరిగా, లైఫ్‌గార్డు లేని వేళల్లో దిగకండి.
- కుట్లు పడి ఉంటే అవి విప్పి, పుండు పూర్తిగా మూసుకుని, డాక్టరు సరేననేదాకా నీటిలో దిగకండి. నీళ్లు చొరని ప్లాస్టరు వేసుకుంటే చాలనుకోకండి.
- సిమెంటు కట్టు మీద పాలిథీన్ చుట్టుకొని పూల్‌కి రాకండి.

మోకాలు, నడుము, తల

- మోకాలు నొప్పి ఉండగా గోడను బలంగా తన్ని మలుపు తిరగకండి. 50 మీటర్ల పూల్‌తో పోలిస్తే 25 మీటర్ల పూల్‌లో అదే దూరానికి మలుపులు రెట్టింపుకు పైనే అని గుర్తుంచుకోండి.
- నడుము నొప్పితో బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదకండి. రెంటిలోనూ నడుము వెనక్కి వంగుతుంది.
- నడుము నొప్పితో పాటు కాళ్లలో తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి.
- లోతు తెలియని నీటిలో, తక్కువ లోతు వైపు తల ముందుగా దూకకండి. మెడ విరిగితే ఏ వ్యాయామమూ తిరిగి అతికించలేదు.
- మెడకు దెబ్బ తగిలిన మనిషిని నీటిలోంచి చేతులు పట్టి లాగేయకండి. ఊపిరి ఆడుతుంటే తల, మెడ కదలకుండా నీటి మీదే ఆనించి పట్టుకొని లైఫ్‌గార్డును పిలవండి.
- తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు ‘బాగానే ఉంది’ అన్నాడని అదే రోజు మళ్లీ దింపకండి.

కోచ్‌లు, తల్లిదండ్రులు

- రేపు మీట్ ఉందని నొప్పి ఉన్న పిల్లలకు బిళ్ల ఇచ్చి దింపకండి.
- వేసవి శిబిరంలో గాయపడిన పిల్లలను మిగతావారితో సమానంగా ల్యాప్‌లు లెక్కపెట్టి ఈదించకండి.
- ఎదిగే వయసు పిల్లలకు పెద్దవాళ్ల బరువుల సాధన పెట్టకండి.
- ఫిజియోథెరపిస్టు ఇచ్చిన గడువును కోచ్ తగ్గించకూడదు. తగ్గించమని తల్లిదండ్రులు అడగకండి.
- నొప్పి చెప్పిన పిల్లలను ‘సాకులు చెబుతున్నావు’ అని నలుగురిలో తిట్టకండి. జట్టులో చోటు పోతుందన్న భయంతోనే పిల్లలు నొప్పి దాస్తారు. కోలుకునేదాకా చోటు అలాగే ఉంటుందని ఆ పిల్లలకు ఈ రోజే చెప్పండి.